పద్నాలుగో అంశం: ఇరుగుపొరుగు

కయాని పట్టణం, కొండవాలు గృహసంఘం, బి మెట్లదారి నివాసులకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఈ శీతకాలంలో కరెంటు పోవచ్చును. పోకపోనూవచ్చును. పోయినచో రెండు గంటలు పోవచ్చును, లేదా మూడు రోజులు పోవచ్చును. కావున నివాసులు ఆందోళన చెందక సిద్ధంగా ఉండవలెను. సిద్ధంగా లేనివారు ఆందోళన చెందవచ్చును.

అక్టోబరులో ఈ కాగితం నోటీసు బోర్డు ఎక్కిన రోజునే ఎన్సియో కర్పినెన్ జీవితానికి మళ్ళీ ఒక అర్థం దొరికింది. సర్వేయరు ఉద్యోగం నుంచి రిటైరై ఆరేళ్ళయింది. అప్పటినుంచి ఆయనకి కొలవడానికి ఏమీ మిగల్లేదు. ఇంట్లో ఉన్నవన్నీ రెండేసిసార్లు కొలిచేశాడు. మూడోసారి మొదలుపెడితే టేపు దాచేస్తానని భార్య తూలిక్కి చెప్పింది. అలాంటి సమయంలో గృహసంఘం సమావేశంలో సన్నద్ధతాధికారి ఎవరుంటారని అధ్యక్షుడు అడిగాడు. అందరూ తలలు దించుకున్నారు. ఎన్సియో ఒక్కడే ఎత్తాడు. ఎన్నిక ఏకగ్రీవమని ప్రకటించారు.

ప్రభుత్వం వారు ఇంటింటికీ ఒక చిన్న పుస్తకం పంపారు. డెబ్భై రెండు గంటలు ఎవరి సాయమూ లేకుండా బతకడం ఎలా అన్నది అందులోని విషయం. మొత్తం పద్నాలుగు అంశాలు. ఒక్కోదానికి ఎదురుగా టిక్కు పెట్టుకోవడానికి చిన్న గడి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవాళ్ళని మనం చూశాం. ఎన్సియో ఆ రకం కాదు. అగ్గిపుల్ల గీయక ముందే పద్నాలుగు బావులు తవ్వే మనిషి.

దానికి కారణం లేకపోలేదు. కూతురు సైమి పురిటికని వచ్చి ఇంట్లోనే ఉంది. అల్లుడు ఉత్తర సముద్రంలో ఓడ మీద పని, మార్చి దాకా రాడు. బిడ్డకి ఆరు వారాలు. ఇంకా పేరు లేదు. అంటే, పేరు ఉంది. నామకరణం రోజు దాకా అది తల్లిదండ్రులు తప్ప మరొకరు వినకూడదని ఆ చలిదేశపు ఆచారం. ఎన్సియో నాలుగుసార్లు అడిగి చూసి ఊరుకున్నాడు. బయట సున్నాకి ముప్ఫై డిగ్రీలు కింద ఉన్న రోజున ఇంట్లో వేడి ఆగిపోతే, ఈ పేరులేని మనిషి పరిస్థితి ఏమిటన్నది ఆయనకి నిద్రలో కూడా వదలని ప్రశ్న. ఇళ్ళు వెచ్చబెట్టే వేడినీళ్ళు ఊరంతటికీ గొట్టాల్లో వస్తాయి కదా అనకండి. ఆ నీళ్ళని మేడ మీదికి తోసే మోటారు కరెంటుదే.

డిసెంబరు నాటికి పదమూడు అంశాలు పూర్తయ్యాయి. పడగ్గదిలో మంచం కింద నీళ్ళ డబ్బాలు, మంచం పక్కన తొంభై ఆరు బఠాణీ సూపు డబ్బాలు. తూలిక్కి భర్త వైపు తిరిగి పడుకోవాలంటే ముందు సూపుని పలకరించాలి. కొవ్వొత్తులు నలభై. కొవ్వొత్తితో అగ్నిప్రమాదం జరగవచ్చునని పుస్తకంలో ఉంది కాబట్టి, కొవ్వొత్తిని బకెట్లో పెట్టి, బకెట్టుని వంటింటి తొట్టిలో పెట్టి వెలిగించాలని నిర్ణయమైంది. ఆ ఏర్పాటు వల్ల కుళాయి మాత్రం చాలా బాగా కనిపించేది. చేత్తో తిప్పితే పలికే రేడియో కొన్నాడు. అరగంట తిప్పితే అయిదు నిమిషాలు పలుకుతుంది. సర్కారు వారు ప్రతి బిడ్డకీ ఇచ్చే అట్టపెట్టెలోనే, అక్కడి బిడ్డలందరిలాగే, ఈ బిడ్డా పడుకునేది. ఎన్సియో దానికీ ఒక చీటీ అంటించాడు: “బిడ్డ, ఒకటి. పేరు తెలియదు. పొడిగా ఉంచవలెను.”

ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి విన్యాసాలు. గురువారం బఠాణీ సూపు తాగడం ఆ దేశంలో రాజ్యాంగం కంటే పాత అలవాటు కనుక రోజు ఎంచుకోవడం కష్టం కాలేదు. ఆరు కొట్టగానే ఎన్సియో మెయిన్ ఆపేస్తాడు. ముగ్గురూ తలకి లైట్లు కట్టుకుని చల్లటి సూపు తాగుతారు. ఒకరి వైపు ఒకరు చూస్తే కళ్ళు బైర్లు కమ్ముతాయి. అందువల్ల ముగ్గురూ మూడు గోడల వైపు తిరిగి తినడం అలవాటు చేసుకున్నారు. విన్యాసం జయప్రదంగా జరిగిందని ఎన్సియో ప్రతివారం పుస్తకంలో రాసుకునేవాడు.

అన్నీ ఉన్నాయి గానీ అల్లుడి నోట్లో శని అన్నట్టు, పద్నాలుగో గడి ఒక్కటీ ఖాళీగా ఉండిపోయింది. అందులో ఇలా ఉంది: “వేడికి వేరే ఆధారం లేనివారు పొరుగువారిని ఆశ్రయించవలెను. ఇందుకుగాను మీ ఇరుగుపొరుగుతో ముందుగానే పరిచయం చేసుకోండి.”

ఎన్సియో దీన్ని ఏడుసార్లు చదివాడు. తర్వాత కూర్చుని మంచినీళ్ళు తాగాడు. అదీ నిల్వలోంచి.

బి మెట్లదారిలో పదకొండు ఇళ్ళు, పదిహేడుమంది మనుషులు. అందరూ మర్యాదస్తులు. అక్కడ మర్యాదంటే, మెట్ల మీద ఇంకొకరికి ఎదురు పడకపోవడం. బయటికి వెళ్ళేముందు తలుపు కన్నులోంచి చూడాలి. చెవి ఆనించి వినాలి. ఎవరైనా దిగుతుంటే వాళ్ళ అడుగుల చప్పుడు పూర్తిగా ఆగి, వీధి తలుపు మూసుకున్నాక పాతిక అంకెలు లెక్కపెట్టి గడియ తీయాలి. ఈ పద్ధతి వల్ల ఎన్సియో ఎదురింటి వారితో ఇరవై రెండేళ్ళుగా ఒక్క తగాదా లేకుండా బతికాడు. ఒక్క మాట కూడా లేకుండా అనుకోండి. ఆ తలుపుకీ ఈ తలుపుకీ మధ్య దూరం రెండు మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్లు. అది మాత్రం కచ్చితంగా తెలుసు.

ఎప్పుడో ఒకసారి, పొరపాటున, రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఎన్సియో ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఎదురింటావిడా అలాగే వెళ్ళిపోయింది. ఆ రోజు ఇద్దరూ ఆఫీసుకి గంట ఆలస్యం. ఆ ప్రమాదాన్ని ఇప్పటికీ ఎవరూ తలుచుకోరు.

కాబట్టి పద్నాలుగో అంశానికి బదులు ఇంకో యాభై లీటర్ల నీళ్ళు నిల్వ చేస్తే సరిపోతుందా అని ఎన్సియో ఆ పుస్తకం పంపిన అధికారులకి లేఖ రాశాడు. సరిపోదని జవాబొచ్చింది. అప్పుడు ఆయన తనకి తెలిసిన పద్ధతిలో పరిచయానికి పూనుకున్నాడు. మూడు వారాలు తలుపు కన్ను దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని సర్వే చేశాడు. తలుపు మీది పేరు ముహొనెన్. ఒంటరి స్త్రీ, డెబ్భై దాటిన వయసు, గోధుమరంగు కోటు. మంగళ, శుక్రవారాల్లో రై పిండి రొట్టె. స్వభావం: శాంతం. శనివారాల్లో నీలం సంచీలో బిర్చి చెట్టు కట్టెలు.

ఆ కట్టెల దగ్గర ఆయన పెన్సిలు ఆగింది. పాతికేళ్ళ కిందట గృహసంఘం వారు ప్రతి ఇంట్లోనూ గది వెచ్చబెట్టడానికి ఉన్న పాత పింగాణీ పలకల పొయ్యిని, ఇక అవసరం లేదని, పగలగొట్టించి తీయించారు. ముహొనెన్ గారింటికీ కూలీలు వెళ్ళి గంట కొట్టారట. ఆవిడ తలుపు వెనక నిలబడి వాళ్ళెప్పుడు వెళ్తారా అని చూసింది. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ విధంగా మొత్తం భవనంలో ఆ ఒక్క పొయ్యి దక్కింది.

తమ బిడ్డకి వెచ్చదనం రెండు మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఉందని తెలిశాక, ఎన్సియో ఇక జాప్యం చేయలేదు. ఒక చీటీ రాసి, ఆవిడ బజారుకి వెళ్ళిన సమయం చూసి, ఆ తలుపు సందులో పడేశాడు.

“ముహొనెన్ గారికి, నేను మిమ్మల్ని ఎరుగుదునని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మీరు చేయవలసినదేమీ లేదు. ఇట్లు, కర్పినెన్.”

రెండోరోజు జవాబు వచ్చింది. “అందింది. నేనూ మిమ్మల్ని ఎరుగుదును. ఇట్లు, ముహొనెన్.”

ఎన్సియో పద్నాలుగో గడిలో టిక్కు పెట్టాడు. ఇంత పెద్ద పని ఇంత సులభంగా అవుతుందనుకోలేదని భార్యతో అన్నాడు. తూలిక్కి సూపు డబ్బాల అవతలి నుంచి ఏదో అంది గానీ సరిగా వినిపించలేదు.

జనవరి మూడోవారంలో ఒక మంగళవారం, పొద్దున ఎనిమిదీ పదికి, ఇంకా తెల్లవారక ముందే, కరెంటు పోయింది. బయట సున్నాకి ముప్ఫై ఒక్క డిగ్రీలు కింద. ఎన్సియో ముఖం వెలిగిపోయింది. ఆ సమయానికి ఇంట్లో వెలిగింది అదొక్కటే. తలకి లైటు కట్టుకుని ముందుగదిలో నిలబడి, భార్యనీ కూతుర్నీ ఉద్దేశించి ప్రసంగించాడు.

“కుటుంబ సభ్యులారా! మనం మూడు నెలలుగా ఏ ఘడియ కోసం శ్రమించామో ఆ ఘడియ వచ్చింది. భయపడాల్సింది లేదు. ఎవరి సాయం లేకుండా డెబ్భై రెండు గంటలు గడపగల ఇళ్ళు ఈ ఊళ్ళో ఎన్నున్నాయో నాకు తెలీదు గానీ, ఇది ఒకటి.”

“నాన్నా, కాఫీ ఎలా?” అని సైమి అడిగింది.

పద్నాలుగు అంశాల్లోనూ కాఫీ లేదు. రోజుకి తొమ్మిది కప్పులు తాగే జాతి రాసుకున్న పుస్తకంలో కాఫీ మరిచిపోయారు. గ్యాసు పొయ్యి ఒకటి ఉంది. దాన్ని బాల్కనీలోనే వెలిగించాలని నియమం. ఆ ఇంటికి బాల్కనీ లేదు. అందుకని పొయ్యి అలమరలో భద్రంగా ఉంది.

పదింటికి ఇంట్లో పంతొమ్మిది డిగ్రీలు. పదకొండుకి పదిహేడు. ఎన్సియో మూడు గదుల్లోని మూడు థర్మామీటర్లనూ చూసి వచ్చి సగటు కట్టేవాడు. పన్నెండున్నరకి పదిహేను. రేడియోని అరగంట తిప్పితే, ఫ్రిజ్ తలుపు తెరవకండి అని చెప్పి ఆగిపోయింది. ఇల్లంతా ఫ్రిజ్ అయిపోయింది కనుక ఆ సలహా ఎవరికీ పనికిరాలేదు.

సైమి బిడ్డని స్వెట్టరు లోపల పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి బిడ్డ చెయ్యి పట్టుకుని చూసి, “నాన్నా, దీని వేళ్ళు చల్లగా ఉన్నాయి” అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ క్షణాన తొంభై ఆరు సూపు డబ్బాలూ ఎన్సియోకి ఎందుకూ కొరగానివిగా కనిపించాయి. పుస్తకం తీసి పద్నాలుగో అంశం తెరిచాడు. టిక్కు ఉంది. తలుపు దగ్గరికి నడిచాడు.

కన్నులోంచి చూస్తే అంతా చీకటి. చెవి ఆనించాడు. ఎదుటి తలుపు వెనక నేల కిర్రుమంది. అంటే ఆవిడ బయటికి రాబోతోందన్నమాట. ఎదురు పడకూడదు కాబట్టి ఎన్సియో ఆగాడు. ఆవిడ దిగి వెళ్ళాక తలుపు తట్టవచ్చు. ఆవిడ వెళ్ళాక తడితే తలుపెవరు తీస్తారన్న ఆలోచన ఆయనకి తర్వాత వచ్చింది.

ఇక్కడ ఒక విషయం మీకు చెప్పాలి. ఆ పుస్తకం ముహొనెన్ గారికీ వచ్చింది. ఆవిడా పద్నాలుగో అంశం చదివింది. పొద్దున్నే పొయ్యి రాజేసి, నిప్పుల మీద కాఫీ కెటిల్ పెట్టి, ఎదురింట్లో పసిబిడ్డ ఉంది కదా పిలుద్దామని తలుపు దగ్గరికి వచ్చింది. అవతలి తలుపు వెనక నేల కిర్రుమంది. పెద్దమనిషి బయటికి వెళ్ళబోతున్నాడు, వెళ్ళనీ, తర్వాత పిలుద్దాం అని ఆగింది. ఇలా ఇద్దరు మర్యాదస్తులు రెండు తలుపుల వెనక ఊపిరి బిగబట్టి నలభై నిమిషాలు నిలబడ్డారు. మధ్యలో కాఫీ వాసన ఒక్కటే, మర్యాద తెలియనిది కాబట్టి, ఆ తలుపు సందులోంచి వచ్చి ఈ తలుపు సందులోకి దూరింది.

ఎన్సియో తొడ మీద కాగితం పెట్టుకుని దరఖాస్తు రాశాడు. “పద్నాలుగో అంశాన్ని అమలు పరచుటకు అనుమతి కోరుతూ.” రాశాక, దాన్ని ఎదుటి సందులో వేయాలంటే తన తలుపు తీయాలని గుర్తొచ్చింది. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వెనక నుంచి తూలిక్కి వచ్చింది. చేతుల్లో బిడ్డ ఉన్న అట్టపెట్టె. పక్కన దుప్పట్లతో సైమి.

“ఎన్సియో, పక్కకి జరుగు.”

“ఆవిడ ఇంకా తలుపు వెనకే ఉంది, తూలిక్కీ. వెళ్ళిపోనీ.”

“ఎక్కడికి వెళ్తుంది, ఈ చలిలో? నువ్వు జరుగుతావా, బిడ్డతో సహా నీ మీంచి నడవమంటావా?”

ఆయన జరిగాడు. తూలిక్కి మోచేత్తో గడియ తీసింది. సరిగ్గా అప్పుడే ఎదుటి తలుపు కూడా తెరుచుకుంది. లాంతరు పట్టుకుని గోధుమరంగు కోటు ఆవిడ నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆ రెండిళ్ళ మధ్య పలికిన మొదటి మాట ఇది:

“ఈ దిక్కుమాలిన కాఫీ మూడుసార్లు కాచాను. ఇంక నాలుగోసారి కాచలేను, రండి.”

ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. ఎన్సియో వెళ్ళలేదు. రండి అన్నది తననో కాదో స్పష్టంగా లేదు. పైగా అధికారి స్థానం విడిచి వెళ్ళకూడదు. ‘స్వభావం: శాంతం’ అని రాసినదాన్ని కొట్టేసి, కిటికీ లేని తలుపు మూలలో తలలైటు వెలుగులో ఒంటరిగా కూర్చుని కరకరలాడే ఎండు రొట్టె తిన్నాడు. పద్నాలుగు డిగ్రీలు. పైనుంచి ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడైంది. వీధిలోకి పోలేదు, ఎదురింట్లోకి పోయింది. తర్వాత ఇంకో జత అడుగులు. తర్వాత నలుగురు కలిసి. ఒంటిగంట నలభైకి ఎదురింట్లోంచి నవ్వు వినిపించింది. బి మెట్లదారిలో అటువంటి చప్పుడు ఇదివరకు నమోదు కాలేదు గనుక ఎన్సియో సమయం రాసుకున్నాడు. రెండింటికి మళ్ళీ నవ్వారు. అది రాయలేదు. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఎందుకో ఏడుపు కూడా వచ్చింది.

జేబులోని దరఖాస్తు తీసి, మెట్లు ఖాళీగా ఉన్నాయని నిర్ధారించుకుని, ఎదుటి సందులో వేసి, పరుగున వెనక్కి వచ్చి తలుపు వేసుకున్నాడు. రెండు నిమిషాల్లో ఆయన తలుపు సందులోంచి జవాబు జారిపడింది.

“తాతయ్యకి అనుమతి ఇవ్వడమైనది. ఇట్లు, హిల్లా.”

హిల్లా అనే పేరు గల వ్యక్తి ఎవరూ బి మెట్లదారిలో లేరు. ఎన్సియో నివాసుల జాబితా తీసి పదిహేడు పేర్లూ చూశాడు. లేరు. అట్టపెట్టెకి తను అంటించిన చీటీ గుర్తొచ్చింది. “పేరు తెలియదు.” జాబితా మూసేశాడు. తలలైటు తీయడం కూడా మరిచిపోయి, కన్నులోంచి చూడకుండా, పాతిక లెక్కపెట్టకుండా తలుపు తీసుకుని వెళ్ళాడు.

తెల్ల పలకల పొయ్యి దగ్గర మెట్లదారి మొత్తం కూర్చుని ఉంది. పెట్టెలో హిల్లా నిద్రపోతోంది, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఎన్సియో వంగి వేళ్ళు పట్టుకుని చూశాడు. వెచ్చగా ఉన్నాయి. చాలాసేపు వదల్లేదు. నామకరణానికి ముందే పేరెలా బయటపెట్టావని కూతుర్ని అడిగితే, చలి రాకుండా కిటికీలు కప్పేసిన చీకట్లో అడిగారు, చీకట్లో చెప్పేశానంది. ఐలి ముహొనెన్ ఒకప్పుడు ఊరి టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసిందట. ముప్ఫై ఏళ్ళు ఊరివాళ్ళందరినీ ఒకరితో ఒకరిని మాట్లాడించి, ఇంటికొచ్చి తను నోరు మూసుకునేది. “మీరు పొద్దున ఏడూ నలభై రెండుకి బయల్దేరేవారు. తాళం మూడుసార్లు లాగి చూసేవారు. శుక్రవారాలు నాలుగుసార్లు. నాకూ కన్ను ఉంది కదండీ” అని కప్పు అందించింది. ఆవిడ దగ్గరా ఒక నోటుపుస్తకం ఉంది. ఎన్సియో రేడియో తెచ్చి తిప్పాడు. ఎవరూ వినలేదు, అందరూ మాట్లాడుతున్నారు.

మూడూ యాభైకి, బయట మళ్ళీ చీకటి పడిన వేళకి, కరెంటు వచ్చింది.

గది ఒక్కసారి తెల్లబడింది. పదిహేడుమంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతదాకా ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని కూర్చున్నారని అప్పుడే తెలిసింది. అందరూ గొంతు సవరించుకుని లేచారు. ధన్యవాదాలన్నారు. మెట్ల మీద ఎదురు పడకుండా ఒక్కో కుటుంబం రెండేసి నిమిషాల తేడాతో వెళ్ళింది. ఎన్సియో వాళ్ళది మూడో వరస.

ఫిబ్రవరిలో గృహసంఘం అత్యవసర సమావేశం జరిగింది. అధ్యక్షుడు లేచి గద్గద స్వరంతో మాట్లాడాడు.

“సభ్యులారా, ఆ మంగళవారం బి మెట్లదారిలో ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. మనం ఒకరింట్లో ఒకరం కూర్చున్నాం. ఒకరి కప్పులో ఒకరం కాఫీ తాగాం. కొందరు సొంత విషయాలు కూడా చెప్పుకున్నారు. ఇది ఎవరి తప్పూ కాదు, పరిస్థితి అలాంటిది. కానీ బాధ్యత గల సంఘంగా, ఇలాంటిది మళ్ళీ జరగకుండా చూసుకోవాలి.”

ఇంటింటికీ, వేడినీళ్ళ మోటారుకీ ఒక్కో పెద్ద బ్యాటరీ పెట్టించాలని తీర్మానం వచ్చింది. కరెంటు పోయిన సంగతి ఇంట్లోవాళ్ళకి తెలియను కూడా తెలియదట. అందరూ చెయ్యెత్తారు. ఐలి ముహొనెన్ నేల చూస్తూ ఎత్తింది. ఎన్సియో కూడా ఎత్తాడు. సన్నద్ధతాధికారి ఎత్తకపోతే బాగుండదు. సన్నద్ధత పరిపూర్ణమైనందున ఆయన పదవి రద్దు చేస్తూ, సేవలకు కృతజ్ఞతగా ఒక తలలైటు బహూకరించారు.

మార్చిలో రెండుసార్లు కరెంటు పోయిందని పేపర్లో వచ్చింది. బి మెట్లదారిలో ఎవరికీ తెలియలేదు. అల్లుడొచ్చాడు, నామకరణం జరిగింది, సైమి బిడ్డతో వెళ్ళిపోయింది. మెట్లదారి ఎప్పటిలా మర్యాదగా ఉంది.

ఒక్క గురువారాల్లో మాత్రం, సాయంత్రం ఆరింటికి, ఎన్సియో ముందు బ్యాటరీ ఆపుతాడు. తర్వాత మెయిన్ ఆపుతాడు. ఇల్లు చీకటయ్యాక తూలిక్కి సూపు గిన్నె పట్టుకుంటుంది. ఆయన ఎదుటి తలుపు సందులో చీటీ వేస్తాడు. “మా ఇంట కరెంటు లేదు. పద్నాలుగో అంశం కింద ఆశ్రయం కోరుతున్నాం.” కరెంటు ఎందుకు లేదో ఐలికి తెలుసు. అవతల మెయిన్ ఆపిన టక్కుమనే చప్పుడు ఆవిడ చెవి ఆనించి వింటూనే ఉంటుంది. అది విన్నాకే కాఫీ నిప్పుల మీద పెడుతుంది.

మీరు నవ్వుతున్నారని తెలుసు. చలిదేశం వాళ్ళు, అలాగే ఉంటారు అనుకుంటున్నారు. మన దగ్గర కరెంటు పోతే వీధి వీధంతా బయటికొచ్చి కూర్చునేది, విసనకర్ర ఒకరిదైతే గాలి నలుగురిది, వచ్చేసిందని పిల్లలు అరిస్తే పెద్దవాళ్ళు కొంచెం నిరాశగానే లేచేవాళ్ళు. తర్వాత మనమూ ఇన్వర్టర్లు పెట్టించుకున్నాం. ఇప్పుడు కరెంటు పోయిన సంగతి మనకీ తెలియడం లేదు. ఎదురు ఫ్లాటులో ఉన్నవాళ్ళ పేరు, తలుపు మీద చూడకుండా, ఒకసారి చెప్పండి. చెప్పలేకపోతే ఏం ఫరవాలేదు. వచ్చే గురువారానికి ఇంకా టైముంది. మీ ఇంట్లో మెయిన్ స్విచ్ ఎక్కడుందో మీకు తెలిసే ఉంటుంది.